ఓడినవాడు ఎక్కడికి పోవాలి? స్వేచ్ఛ, యుద్ధాల మీద యాభై ఏళ్ల లెక్క

2024లో ప్రపంచంలోని 36 దేశాల్లో మొత్తం 61 సాయుధ ఘర్షణలు నడిచాయి. కనీసం ఒక పక్షాన ప్రభుత్వం ఉండి, ఏడాదిలో పాతికమందైనా పోరులో చనిపోయినవే ఈ లెక్కలోకి వస్తాయి. స్వీడన్‌లోని ఉప్సాల విశ్వవిద్యాలయం దగ్గర 1946 నుంచి ఉన్న జాబితాలో అప్పటిదాకా ఇంత పెద్ద అంకె మరొకటి లేదు. అదే ఏడాదికి, అదే దేశంలోని గోథెన్‌బర్గ్ కేంద్రంగా పనిచేసే వి-డెమ్ సంస్థ మరో లెక్క తేల్చింది: ప్రపంచంలో 88 ప్రజాస్వామ్యాలు, 91 నిరంకుశ పాలనలు. రెండో అంకె మొదటిదాన్ని దాటడం ఇరవై ఏళ్లలో ఇదే మొదటిసారి. ఇక అమెరికాలోని ఫ్రీడమ్ హౌస్ చెప్పేదాని ప్రకారం, స్వేచ్ఛ పెరిగిన దేశాల కంటే తరిగిన దేశాలే ఎక్కువ కావడంలో 2024 వరసగా 19వ ఏడాది.

ఈ అంకెలు పక్కపక్కన పెట్టగానే ఒక కథ దానంతటదే అల్లుకుంటుంది: స్వేచ్ఛ తగ్గింది కాబట్టి యుద్ధాలు పెరిగాయి. ఈ కథ పూర్తిగా అబద్ధం కాదు గానీ, దేశాల వారీగా చూస్తే ఎక్కడికక్కడ అడ్డం తిరుగుతుంది. హంగరీలో ప్రజాస్వామ్యం బలహీనపడింది, ఒక్క తూటా పేలలేదు. యుగొస్లావియాలో 1990లో కమ్యూనిస్టుల హయాంలో తొలిసారి బహుళ పార్టీ ఎన్నికలు జరిగాయి, మరుసటి ఏడాదికే యుద్ధం మొదలైంది. చైనాలో రాజకీయ స్వేచ్ఛ లేదు, అంతర్యుద్ధమూ లేదు. మరి స్వేచ్ఛ, యుద్ధాలు అనే ఈ రెండు గ్రాఫు గీతలకూ సంబంధం ఎక్కడుంది? ఎన్నికలు జరిగాయా లేదా అని అడిగితే జవాబు సరిగ్గా దొరకదు. అధికారం పోగొట్టుకున్నవాడికి ఆ తర్వాత ఏమవుతుంది అని అడిగితే చాలావరకు దొరుకుతుంది.

లిస్బన్ నుంచి మొదలైన కథ

1974 ఏప్రిల్ 25న పోర్చుగల్‌లో యువ సైనికాధికారులు దాదాపు అర్ధ శతాబ్దపు నియంతృత్వాన్ని ఒక్క రోజులో కూల్చేశారు. వాళ్లకు ప్రజాస్వామ్యం మీద ప్రేమ ఉండటం ఒక కారణమైతే, ఆఫ్రికాలోని వలసల్లో 1961 నుంచి సాగుతున్న యుద్ధాలతో విసిగిపోవడం అంతకంటే పెద్ద కారణం. ఏడాది తిరిగేసరికి పోర్చుగల్‌లో స్వేచ్ఛగా ఎన్నికలు జరిగాయి. అదే 1975లో పోర్చుగల్ వదిలేసి వెళ్లిన అంగోలా, మొజాంబిక్‌లు స్వతంత్రమయ్యాయి. అంగోలా అప్పుడే అంతర్యుద్ధంలో పడింది, మొజాంబిక్ రెండేళ్లకు పడింది. అంటే దేశం తర్వాత దేశంలో స్వేచ్ఛ తెచ్చిన ఆధునిక తరంగం పుట్టిన చోటే ఒక దేశానికి దక్కిన విముక్తి, ఇంకో రెండు దేశాల్లో యుద్ధానికి తెర తీసింది. తరంగాల గురించి రాసేటప్పుడు ఈ సంగతిని చాలామంది దాటేస్తారు.

ఆ తర్వాతి పాతికేళ్లు మాత్రం అసాధారణమైనవి. గ్రీస్, స్పెయిన్, 1983లో అర్జెంటీనా, 1985లో బ్రెజిల్, 1986లో ఫిలిప్పీన్స్, 1987లో దక్షిణ కొరియా, 1989లో తూర్పు యూరప్ అంతా. 1990లో చిలీలో సైనిక నియంత పినోచే దిగిపోయాడు. 1991లో జాంబియాలో ఇరవై ఏడేళ్లుగా పాలిస్తున్న కెన్నెత్ కౌండా ఎన్నికల్లో ఓడిపోయి, ఓటమిని ఒప్పుకుని పక్కకు తప్పుకున్నాడు. 1994లో దక్షిణాఫ్రికా, 1998లో ఇండొనేషియా. ఈ జాబితాలో కౌండా గురించి కాస్త ఆగి చూడాలి. స్వాతంత్ర్యం తెచ్చిన నాయకుడు బ్యాలెట్‌తో దిగిపోవడం ఆ ఖండంలో అప్పటికి చాలా అరుదు. ఆయన జైలుకు పోతానని గానీ, చచ్చిపోతానని గానీ భయపడి పోరాటానికి దిగలేదు. తర్వాత వచ్చినవాళ్లు ఆయన్ని ఇబ్బంది పెట్టకుండా వదల్లేదు, 1997 చివర్లో కొన్నాళ్లు నిర్బంధంలో కూడా ఉంచారు, అది వేరే సంగతి. ఆయన 97 ఏళ్లు బతికాడు.

యుద్ధాల గీత ఈ గీతకు సరిగ్గా అద్దంలా లేదు. ప్రచ్ఛన్న యుద్ధం ముగిసిన వెంటనే, 1990ల మొదట్లో, ఘర్షణల సంఖ్య యాభై దాకా పెరిగింది. సోవియట్ యూనియన్, యుగొస్లావియా ముక్కలయ్యాయి. బోస్నియా, చెచెన్యా, అల్జీరియా, లైబీరియా, సియెర్రా లియోన్ అన్నీ ఆ దశాబ్దపు పేర్లే. ఆ తర్వాత సంఖ్య తగ్గుతూ వచ్చి, ఈ శతాబ్దపు మొదటి దశకంలో ముప్పైల్లోకి దిగింది. పోరులో చనిపోయేవాళ్ల సంఖ్య కూడా బాగా పడిపోయింది. యుద్ధమే మెల్లగా అంతరించిపోతోందని నమ్మకంగా చెప్పిన పండితులు అప్పుడు తక్కువేం లేరు. 2011 తర్వాత లిబియా, సిరియా, యెమెన్ వచ్చాయి. 2014 తర్వాత ఇస్లామిక్ స్టేట్ పేరుతో ఎన్నో దేశాల్లో శాఖలు పుట్టుకొచ్చాయి. 2022లో ఉక్రెయిన్ మీద రష్యా పూర్తిస్థాయి దాడి మొదలైంది.

అంకెల్లో కనబడేవి, కనబడనివి

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. యుద్ధాల సంఖ్య, మృతుల సంఖ్య, హింస మొత్తం అనేవి మూడూ వేరు. 1994లో రువాండాలో వంద రోజుల్లో సుమారు 8 లక్షల మందిని చంపారు. సామాన్య పౌరుల మీద జరిగిన ఊచకోత కాబట్టి ఉప్సాల పద్ధతిలో అది ‘ఏకపక్ష హింస’ కిందకి వస్తుంది. యుద్ధమృతుల గ్రాఫ్ మాత్రమే చూస్తే ఆ శతాబ్దపు అతి ఘోరమైన సంఘటనల్లో ఒకటి దాదాపు కనిపించదు. మెక్సికోలో డ్రగ్ ముఠాలు ఒకదానితో ఒకటి చేసే యుద్ధాలదీ అదే పరిస్థితి. అక్కడ ప్రభుత్వం ఒక పక్షం కాదు కాబట్టి మొదట్లో చెప్పిన 61లోకి అవి రావు. మరోవైపు ఒకే దేశంలో నాలుగైదు వేర్వేరు తిరుగుబాట్లు ఉంటే నాలుగైదుగానే లెక్కిస్తారు. 36 దేశాల్లో 61 ఘర్షణలు ఎలా వచ్చాయన్న ప్రశ్నకు జవాబు అదే.

2022 ఇంకో పాఠం చెప్పింది. రువాండా తర్వాత వ్యవస్థీకృత హింసలో అత్యధికంగా ప్రాణాలు పోయిన ఏడాది అది. ప్రపంచపు టీవీ తెరలన్నీ ఉక్రెయిన్ మీదే ఉన్నాయి. కానీ ఉప్సాల లెక్కలో ఆ ఏడాది యుద్ధంలో ఎక్కువమంది చనిపోయింది ఇథియోపియాలో, తిగ్రాయ్ ప్రాంతంలో. అక్కడ ఫోన్లు, ఇంటర్నెట్ కట్ చేశారు, విలేకరులను రానివ్వలేదు. కెమెరా లేని యుద్ధం చిన్న యుద్ధమని అనుకోవడం మనకు బాగా అలవాటైపోయింది.

స్వేచ్ఛను కొలవడం ఇంకా కష్టం. ఫ్రీడమ్ హౌస్, వి-డెమ్ రెండూ నిపుణుల అంచనాల మీద ఆధారపడతాయి. 2021లో ఫ్రీడమ్ హౌస్ భారత్‌ను ‘స్వేచ్ఛ ఉన్న’ దేశాల గడి నుంచి ‘పాక్షిక స్వేచ్ఛ’ గడిలోకి మార్చింది. అదే ఏడాది వి-డెమ్ ‘ఎన్నికల నిరంకుశత్వం’ అన్న పేరు పెట్టింది. భారత ప్రభుత్వం ఆ అంచనాలను గట్టిగా తోసిపుచ్చింది. ఎవరిది ఒప్పు అన్న వాదన ఎలా ఉన్నా, లెక్క మీద దాని ప్రభావం మాత్రం చాలా పెద్దది. ఒక్క దేశం గడి మారడంతో ప్రపంచ జనాభాలో ఆరోవంతుకు పైగా అటు నుంచి ఇటు వచ్చిపడింది. పూర్తి స్వేచ్ఛ ఉన్న దేశాల్లో బతుకుతున్నవాళ్లు ప్రపంచంలో 20 శాతం కూడా లేరనే వాక్యం అప్పటి నుంచే వినిపిస్తోంది. నిపుణుల అభిప్రాయం పక్కన పెట్టి, పాలక పార్టీలు ఎన్నికల్లో ఎంత తరచుగా ఓడుతున్నాయి లాంటి నేరుగా లెక్కపెట్టగలిగే విషయాలు చూస్తే ఈ పతనం అంత పెద్దగా కనిపించడం లేదని వాదించే రాజనీతి శాస్త్రవేత్తలూ ఉన్నారు. ఆ వాదనను కొట్టిపారేయలేం. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. ఇవాళ్టి పాలకుడు ఓడిపోయే అవకాశాన్ని ఎన్నికల రోజున దెబ్బతీయడు, అంతకు ఎన్నో ఏళ్ల ముందే దెబ్బతీస్తాడు. అది పోలింగ్ లెక్కల్లో వెంటనే బయటపడదు.

రెండు ఎన్నికలు, రెండు దారులు

1992 సెప్టెంబరు చివర్లో అంగోలాలో ఎన్నికలు జరిగాయి. పదహారేళ్లు ఒకరితో ఒకరు యుద్ధం చేసిన ప్రభుత్వ పక్షం ఎంపీఎల్‌ఏ, తిరుగుబాటు పక్షం యూనిటా బ్యాలెట్‌కు ఒప్పుకున్నాయి. మొదటి రౌండ్‌లో ఎంపీఎల్‌ఏ నాయకుడు దోస్ శాంతోస్‌కు 49 శాతానికి పైగా, యూనిటా నాయకుడు జోనాస్ సవింబీకి 40 శాతం ఓట్లు వచ్చాయి. సవింబీ మోసం జరిగిందన్నాడు. నెల తిరక్కుండానే యుద్ధం మళ్లీ మొదలైంది, 2002 ఫిబ్రవరిలో ఆయన్ని చంపేదాకా పూర్తిగా ఆగలేదు.

సవింబీని అధికార దాహానికి ఉదాహరణగా చూపించడం తేలిక. కానీ ఆయన ముందున్న పరిస్థితి కూడా చూడాలి. ఎన్నికల నాటికి ఇరుపక్షాల సైన్యాలు పూర్తిగా రద్దు కాలేదు. గెలిచినవాడికే దేశం మొత్తం దక్కుతుంది, చమురు ఆదాయంతో సహా. ఓడినవాడికి మిగిలేది పార్లమెంటులో కొన్ని కుర్చీలు, వాటి మీద ఎవరికీ నమ్మకం లేదు. యూనిటా చేతిలో మాత్రం వజ్రాల గనులున్నాయి, వాటితో ఏళ్లకేళ్లు యుద్ధం నడపొచ్చు. అంత పెద్ద దేశంలో ఎన్నికలను కాపు కాయడానికి ఐక్యరాజ్యసమితి పంపిన సైనిక పరిశీలకులు కొన్ని వందలమంది.

పక్క కథ మొజాంబిక్‌ది. సరిగ్గా అప్పుడే, 1992 అక్టోబరు 4న, రోమ్‌లో ఫ్రెలీమో ప్రభుత్వానికీ రెనామో తిరుగుబాటుదార్లకూ ఒప్పందం కుదిరింది. యుద్ధంలోనూ, దాంతో వచ్చిన కరువులోనూ అక్కడ సుమారు పది లక్షలమంది పోయారని అంచనా. అంగోలా గతి చూసిన ఐక్యరాజ్యసమితి ఈసారి వేల సంఖ్యలో సైనికులను పంపింది. ఎన్నికలను ఏడాది వెనక్కి నెట్టి, ముందు రెండు సైన్యాలనూ విడగొట్టింది. రెనామో అడవి నుంచి వచ్చి రాజకీయ పార్టీగా మారడానికి డబ్బు కావాలంది, విరాళాలతో ప్రత్యేక నిధి పెట్టి ఇచ్చారు. ఆఫీసులు, కార్లు, జీతాలు. చూసేవాళ్లకు ఇది లంచంలా కనిపించి ఉండొచ్చు. 1994 అక్టోబరు ఎన్నికల్లో రెనామో ఓడింది, కానీ 250 సీట్లలో 112 గెలుచుకుంది. నాయకుడు అఫోన్సో ధ్లకామా అడవికి వెనక్కి వెళ్లలేదు.

మొజాంబిక్ ఆ తర్వాత స్వర్గమేమీ కాలేదు. ఫ్రెలీమో ఇప్పటిదాకా అధికారం వదల్లేదు, ఎన్నికల మీద ఆరోపణలు ఆగలేదు, 2013లో చిన్నస్థాయి పోరు మళ్లీ రాజుకుని 2019లో మరో ఒప్పందం రాసుకోవాల్సి వచ్చింది. స్వేచ్ఛ సూచీల్లో ఆ దేశానికి గొప్ప మార్కులు ఎన్నడూ రాలేదు. అయినా అంగోలాలో 1992 తర్వాత మరో పదేళ్లు జరిగిన మారణహోమం ఇక్కడ జరగలేదు. ఆ తేడాను స్వేచ్ఛ మార్కులతో వివరించలేం. ఓడినవాడికి కూర్చోడానికి కుర్చీ, జీతం, ప్రాణానికి భరోసా దొరకడం వల్ల వచ్చిన తేడా అది.

నేపాల్ ఇదే మాటను ఇంకోలా చెబుతుంది. 1996 నుంచి 2006 దాకా మావోయిస్టు యుద్ధంలో సుమారు 17 వేలమంది చనిపోయారు. 2006 ఒప్పందం తర్వాత 2008లో రాజ్యాంగ సభ ఎన్నికల్లో మావోయిస్టులే అతిపెద్ద పార్టీగా వచ్చారు, ప్రచండ ప్రధాని అయ్యాడు. ఆ పార్టీకి అసలు పరీక్ష 2013లో ఎదురైంది. రెండో రాజ్యాంగ సభ ఎన్నికల్లో మూడో స్థానానికి పడిపోయింది. మోసం జరిగిందని అరిచారు, లెక్కింపు కేంద్రాల నుంచి ఏజెంట్లను వెనక్కి పిలిచారు. చివరికి వెళ్లి సభలో కూర్చున్నారు. అప్పటికి వాళ్ల సైన్యం లేదు. శిబిరాల్లో ఐక్యరాజ్యసమితి లెక్కపెట్టిన సుమారు 19 వేలమందిలో దాదాపు 1,400 మంది నేపాల్ సైన్యంలో చేరారు, మిగిలినవాళ్లలో ఎక్కువమంది నగదు ప్యాకేజీ తీసుకుని ఇళ్లకు పోయారు. ప్రచండ ఆ తర్వాత ఇంకో రెండుసార్లు ప్రధాని అయ్యాడు. అడవికి వెళ్లాల్సిన అవసరం ఆయనకు రాలేదు, ఎందుకంటే ఓడిన మనిషి మళ్లీ గెలవొచ్చు అన్న నమ్మకం అక్కడ నిలబడింది.

సగం తెరిచిన తలుపు

అంతర్యుద్ధాలు ఏ రకం పాలనల్లో ఎక్కువ అన్న ప్రశ్న మీద చాలా పరిశోధన జరిగింది. పూర్తి నియంతృత్వంలో తక్కువ, స్థిరపడ్డ ప్రజాస్వామ్యంలో తక్కువ, మధ్యలో ఉన్న అరకొర పాలనల్లో ఎక్కువ అన్నది తరచుగా వినిపించే జవాబు. దీని మీద అభ్యంతరాలున్నాయి. వాడిన సూచీల్లో కొన్ని హింసను కూడా మార్కుల్లో కలిపేశాయి కాబట్టి, హింస ఉన్న దేశాలు వాటంతటవే ‘మధ్య’ గడిలోకి పోతాయని విమర్శ. పైగా పేదరికం ఈ విషయంలో పాలన రకం కంటే బలమైన సంకేతం. ఈ అభ్యంతరాలను పక్కన పెట్టకుండానే, కొన్ని దేశాల్లో జరిగిన క్రమం మాత్రం చూడొచ్చు.

అల్జీరియాలో 1991 డిసెంబరులో తొలి రౌండ్ ఎన్నికలు జరిగాయి. ఇస్లామిక్ పార్టీ గెలుస్తుందని తేలగానే 1992 జనవరిలో సైన్యం రెండో రౌండ్‌ను రద్దు చేసింది. ఆ దశాబ్దపు హింసలో లక్షమందికి పైగా చనిపోయారని అంచనా. ఐవరీ కోస్ట్‌లో 2010లో ఓడిన లారెంట్ బాగ్బో దిగనన్నాడు, నాలుగైదు నెలల్లో సుమారు మూడు వేలమంది ప్రాణాలు పోయాయి. మయన్మార్‌లో 2008 రాజ్యాంగం పార్లమెంటులో పాతిక శాతం సీట్లు సైన్యానికి రాసిచ్చింది, అంటే సైన్యం ఎన్నికల్లో ఓడినా అధికారంలో వాటా పోదు. అంత ఏర్పాటు చేసుకున్నాక కూడా 2020 నవంబరు ఫలితం వాళ్లకు మింగుడు పడలేదు. 2021 ఫిబ్రవరి 1న తిరుగుబాటు చేశారు, అప్పటి నుంచి దేశమంతా యుద్ధరంగమే.

సుడాన్ కథ అన్నిటికంటే స్పష్టం. 2019లో జనం వీధుల్లోకి వచ్చి, ముప్పై ఏళ్లు పాలించిన ఒమర్ అల్ బషీర్‌ను దించడానికి కారణమయ్యారు. సైన్యం, పౌర నాయకులు కలిసి తాత్కాలిక ప్రభుత్వం పెట్టారు. 2021 అక్టోబరులో సైన్యం దాన్ని కూల్చింది. ఒత్తిడి వచ్చాక 2022 డిసెంబరులో అధికారం పౌరులకు ఇస్తామని ఒక చట్ర ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. అందులో మిగిలిపోయిన చిక్కుల్లో పెద్దది ఒకటి, సైన్యానికి సమాంతరంగా ఉన్న పారామిలిటరీ దళాధిపతి హెమెదీ నడిపే ఆర్‌ఎస్‌ఎఫ్ బలగాలు సైన్యంలో ఎప్పుడు కలవాలి అని. సైన్యం రెండేళ్లంది. ఆర్‌ఎస్‌ఎఫ్ పదేళ్లంది. రెండుకీ పదికీ మధ్య ఎక్కడో ఒకచోట రాజీ పడటం పెద్ద కష్టం కాదని పైకి అనిపిస్తుంది. కానీ బలగం కలిసిపోయిన రోజున హెమెదీకి బంగారు గనుల మీద పట్టు, పశ్చిమ ప్రాంతం దార్ఫుర్‌లో జరిగినవాటి మీద విచారణ నుంచి రక్షణ రెండూ పోతాయి. సైన్యాధిపతి బుర్హాన్‌కైతే తన రాజధానిలోనే మరో సైన్యం పదేళ్లు ఉండటం భరించలేని విషయం. 2023 ఏప్రిల్ 15న ఖార్తూమ్‌లో కాల్పులు మొదలయ్యాయి. ఆ తర్వాత కోటి మందికి పైగా ఇళ్లు వదిలారు.

చట్టంతో మూసే తలుపులు

ఇక స్వేచ్ఛ తగ్గిన దేశాల్లో చాలావాటిలో ట్యాంకులు వీధిలోకి రాలేదు. 2010 ఎన్నికల్లో హంగరీలో ఓర్బన్ కూటమికి 53 శాతం ఓట్లతో మూడింట రెండొంతుల సీట్లు వచ్చాయి. ఆ బలంతో రెండేళ్లలోపే కొత్త రాజ్యాంగం, మార్చిన ఎన్నికల చట్టం, కొత్త న్యాయమూర్తులు, మీడియా మీద కొత్త నియంత్రణ సంస్థ వచ్చాయి. ఒక్కో చట్టాన్ని విడిగా చూస్తే ఏదో ఒక ప్రజాస్వామ్య దేశంలో అలాంటిది ఉందని చూపించొచ్చు. అన్నీ కలిపితే ఫలితం వేరు. టర్కీలో 2017 రెఫరెండం 51 శాతంతో గెలిచి అధ్యక్ష పాలన తెచ్చింది. వెనిజులాలో 2009 రెఫరెండం పదవీకాల పరిమితులను తీసేసింది. రష్యా 2020లో రాజ్యాంగం సవరించి పుతిన్‌కు 2036 దాకా దారి తెరిచింది. చైనా 2018లో రెండు పదవీకాలాల నిబంధనను ఎత్తేసింది.

ఇవన్నీ ఒకే పని చేస్తున్నాయి: పాలకుడు ఓడిపోయే రోజును దూరం జరుపుతున్నాయి. ఒకసారి దూరం జరిపాక మళ్లీ దగ్గరకు రానివ్వడం కష్టం, ఎందుకంటే ఈలోపు పోగైన కేసులు, ఆస్తులు, శత్రువులు పెరిగిపోతారు. గినియా దీనికి మంచి ఉదాహరణ. 2010లో ఆల్ఫా కాండే ఎన్నికల్లో గెలిచి అధ్యక్షుడైనప్పుడు దాన్ని ఆ దేశపు తొలి స్వేచ్ఛాయుత ఎన్నికగా ప్రపంచం మెచ్చుకుంది. 2020లో ఆయన కొత్త రాజ్యాంగం తెచ్చి మూడోసారి పోటీ చేశాడు, నిరసనల్లో పదులకొద్దీ జనం చనిపోయారు. 2021 సెప్టెంబరులో ఆయన హయాంలోనే పుట్టిన ప్రత్యేక దళం ఆయన్ని దించింది. వీధుల్లో జనం సంబరాలు చేసుకున్నారు. మాలి, బుర్కినా ఫాసో, నైజర్, గబాన్‌లలో 2020-2023 మధ్య వచ్చిన సైనిక తిరుగుబాట్లకు కారణాలు వేరువేరు, గబాన్‌లో తప్ప మిగతా మూడింటిలోనూ జిహాదీ దాడులను ఆపలేని ప్రభుత్వాల మీద కోపం ఉంది. సైన్యాలు వచ్చాక ఆ దాడులు ఆగాయా అంటే, ఆగలేదు.

బయటివాళ్ల చెయ్యి

1990లలో యుద్ధాలు ఆగడానికి దేశాల్లోపల వచ్చిన మార్పులే కారణమనుకుంటే లెక్క సగమే. ఎల్ సాల్వడార్, కంబోడియా, మొజాంబిక్, నమీబియా అన్నిచోట్లా బయటి నుంచి వచ్చే డబ్బు, ఆయుధాలు ఎండిపోయాయి. వాషింగ్టన్‌కు గానీ మాస్కోకు గానీ ఆ యుద్ధాలతో పనిలేకుండా పోయింది. భద్రతామండలిలో వీటో ఉన్న ఐదు దేశాలూ ఒకే మాట మీదకు రావడం మామూలైంది. శాంతిదళాలు పెద్ద సంఖ్యలో బయల్దేరాయి.

2011 తర్వాత దీనికి సరిగ్గా ఎదురు దిశలో జరిగింది. సిరియా మీద భద్రతామండలి తీర్మానాలను రష్యా పదికి పైగా సార్లు వీటో చేసింది. గాజా మీద వచ్చినవాటిని అమెరికా పదేపదే వీటో చేసింది. సిరియా, లిబియా, యెమెన్‌లలో ఒక్కో పక్షానికి ఒక్కో బయటి దేశం డబ్బు, డ్రోన్లు, కిరాయి సైనికులను పంపింది. మాలిలోకి 2021 చివర్లో రష్యాకు చెందిన వాగ్నర్ బలగాలు వచ్చాయి, 2023 ఆఖరుకు ఐక్యరాజ్యసమితి దళం వెళ్లిపోయింది. 2014లో మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌కు పంపినంత పెద్ద శాంతిదళాన్ని ఆ తర్వాత ఐక్యరాజ్యసమితి కొత్తగా ఎక్కడికీ పంపలేదు. సుడాన్‌లో ఆర్‌ఎస్‌ఎఫ్‌కు ఆయుధాలిస్తోందన్న ఆరోపణలను యూఏఈ ఖండిస్తూనే ఉంది, యుద్ధానికి మాత్రం సామగ్రి కొరత రాలేదు.

ఓడబోయే పక్షానికి బయటి నుంచి సాయం అందితే అది రాజీకి రాదు. అందుకే బయటి దేశాలు దిగిన అంతర్యుద్ధాలు ఎక్కువకాలం సాగుతాయి. ప్రపంచ సైనిక ఖర్చు 2024లో 2.7 లక్షల కోట్ల డాలర్లు దాటింది, ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక ఒక్క ఏడాదిలో ఇంత పెరగడం ఇదే మొదలు. 2010లో 4 కోట్ల పైచిలుకు ఉన్న నిర్వాసితుల సంఖ్య 2024 చివరికి 12 కోట్లు దాటింది.

దిగిపోయినవాళ్లు

ఎదురు గాలిలో కూడా కొన్ని దేశాలు నిలబడ్డాయి, వాటి గురించి రాయకపోతే బొమ్మ వంకరగా వస్తుంది. మలావిలో 2020లో కోర్టు అధ్యక్ష ఎన్నికనే రద్దు చేసి మళ్లీ పెట్టించింది, అధికారంలో ఉన్నాయన ఓడిపోయాడు. సెనెగల్‌లో 2024 ఫిబ్రవరిలో అధ్యక్షుడు మాకీ సాల్ ఎన్నికలను వాయిదా వేస్తున్నట్టు ప్రకటించాడు. రాజ్యాంగ మండలి కుదరదంది. ఆయన తలొగ్గాడు. పోలింగ్‌కు పది రోజుల ముందు జైలు నుంచి బయటికొచ్చిన బస్సిరు ఫాయ్ మార్చి 24న 54 శాతం ఓట్లతో గెలిచాడు. దక్షిణ కొరియాలో అదే ఏడాది డిసెంబరు 3 రాత్రి అధ్యక్షుడు యూన్ సైనిక పాలన ప్రకటిస్తే, కొన్ని గంటల్లోనే 190 మంది ఎంపీలు పార్లమెంటుకు చేరి ఏకగ్రీవంగా రద్దు చేశారు. కొందరు గోడ దూకి లోపలికి పోవాల్సి వచ్చింది. 2025 ఏప్రిల్ 4న రాజ్యాంగ న్యాయస్థానం ఆయన్ని పదవి నుంచి తొలగించింది.

ట్యునీషియా మాత్రం చేతికందినట్టే అంది జారిపోయింది. 2011 అరబ్ తిరుగుబాట్ల నుంచి పుట్టిన ఏకైక ప్రజాస్వామ్యం అది. 2013లో దేశం అంతర్యుద్ధం అంచుకు వెళ్లినప్పుడు కార్మిక సంఘంతో సహా నాలుగు సంస్థలు మధ్యవర్తిత్వం చేశాయి, అప్పటి పాలక పార్టీ ఎన్నహ్దా తనంతట తాను అధికారం వదిలింది. ఆ నాలుగు సంస్థలకూ 2015లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. 2021 జులైలో అధ్యక్షుడు కైస్ సయీద్ పార్లమెంటును మూసేశాడు. ఒకప్పుడు అధికారం వదిలిన ఎన్నహ్దా నాయకుడు రాషెద్ ఘన్నూషీ ఇప్పుడు జైల్లో ఉన్నాడు. యుద్ధం రాలేదు. కానీ ఆ ప్రాంతంలో మరో పార్టీ ఏదైనా స్వచ్ఛందంగా దిగిపోవాలా అని ఆలోచించినప్పుడు, ఈ వృద్ధుడి గతి తప్పకుండా గుర్తుకొస్తుంది.

ఒప్పందాల కాలం పోయి, ఒక పక్షం పూర్తిగా గెలవడమో, ఎవరూ గెలవక అలా సాగడమో ఇవాళ్టి యుద్ధాల తీరుగా మారింది. 2009లో శ్రీలంక, 2023లో అజర్‌బైజాన్‌లోని ఆర్మేనియన్ల ప్రాంతం నగోర్నో-కరబాఖ్, 2024 డిసెంబరులో సిరియా, అన్నీ ఆయుధంతో తేలినవే. కరబాఖ్ నుంచి లక్షమంది ఆర్మేనియన్లు కొద్దిరోజుల్లో ఖాళీ చేసి పోయారు. ఓడినవాళ్లకు అక్కడ సీట్లు, ప్యాకేజీలు అన్న మాటే లేదు.

ఈ కాలంలో పాత పద్ధతిలో రాసుకున్న పెద్ద ఒప్పందం 2016లో కొలంబియాది. 1964 నుంచి సాగిన పోరులో రెండు లక్షలకు పైగా ప్రాణాలు పోయాయి. ఫార్క్ గెరిల్లాలు ఆయుధాలను ఐక్యరాజ్యసమితికి అప్పగించారు, సుమారు 13 వేలమంది మామూలు జీవితంలోకి వచ్చారు. ఓట్లతో సంబంధం లేకుండా రెండు విడతలపాటు పార్లమెంటులో పది సీట్లు వాళ్లకు రాసిచ్చారు. చాలామంది కొలంబియన్లకు అది నచ్చలేదు, తొలి ఒప్పందం రెఫరెండంలో స్వల్ప తేడాతో ఓడిపోయింది కూడా. 2018లో ఆ పార్టీకి వచ్చిన ఓట్లు ఒక శాతం లోపే. ఆయుధం వదిలినవాళ్లలో 400 మందికి పైగా ఆ తర్వాత హత్యకు గురయ్యారు, కొందరు మళ్లీ అడవుల్లోకి వెళ్లి కొత్త దళాలు కట్టారు. అయినా ఆ పార్టీ నాయకులు పార్లమెంటుకు వెళ్లి మాట్లాడటం ఆపలేదు. ఆ పది సీట్ల గడువు 2026 జులై వరకే. ఆ తర్వాత మిగతా పార్టీల్లాగే ఓట్లు తెచ్చుకుంటేనే వాళ్లకు సీట్లు.